నదీతీర పట్టణానికి వరద ముప్పు అంచనా: ఏ పద్ధతిని ఎక్కడ నమ్మాలి

భద్రాచలంలో గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండోది, 53 అడుగులకు మూడోది జారీ చేస్తారు. జూలై, ఆగస్టు నెలల్లో ఆ ప్రాంతంలో ఈ మూడు అంకెలు తెలియనివారు ఉండరు. అయితే నది 53 అడుగుల దగ్గర ఉన్నప్పుడు తమ వీధిలోకి నీరు వస్తుందా, వస్తే గడప దాటుతుందా, అంతకంటే ముందే ఊరి బయటికి వెళ్లే రోడ్డు తెగిపోతుందా అన్న ప్రశ్నలకు ఆ అంకెలు వాటంతటవి జవాబు చెప్పవు. నది నీటిమట్టాన్ని కొలిచే గేజి మీద కనిపించే మట్టాన్ని వీధికీ, గడపకూ, కల్వర్టుకూ అన్వయించి చెప్పగలిగినప్పుడే అది ఆ పట్టణానికి పనికొచ్చే అంచనా అవుతుంది.

చిన్న పట్టణానికి ఇందుకు ఐదు దారులున్నాయి. పాత వరద గుర్తులను సేకరించి వాటి ఎత్తును కొలవడం ఒకటి. గేజి రికార్డు తీసుకొని 25, 50, 100 ఏళ్ల వరదలను గణాంక పద్ధతిలో లెక్కించడం రెండోది. వర్షపాతం నుంచి ప్రవాహాన్ని లెక్కగట్టడం మూడోది. కంప్యూటర్ నమూనాలో నదిని పారించి ముంపు మ్యాపు గీయించడం నాలుగోది. వరద రోజుల ఉపగ్రహ చిత్రాలను పరిశీలించడం ఐదోది. చర్చ మొదలవగానే అందరి చూపూ నాలుగోదాని మీదికే పోతుంది, ఎందుకంటే రంగుల మ్యాపు సమావేశంలో చూపించడానికి బాగుంటుంది. మొదటి పని పూర్తిచేయకుండా నాలుగోదానికి డబ్బు పెట్టడం వృథా అని నా అభిప్రాయం. దానికి కారణాలు కింద వస్తాయి.

నీరు ఎక్కడి నుంచి, ఎంతసేపట్లో వస్తుంది

పద్ధతిని ఎంచుకునే ముందు నది స్వభావం తేల్చుకోవాలి. గోదావరి భద్రాచలం చేరేసరికే ప్రాణహితనూ ఇంద్రావతినీ కలుపుకొని ఉంటుంది. నది మొత్తం పరీవాహక ప్రాంతం 3,12,812 చదరపు కిలోమీటర్లు కాగా, అందులో అత్యధిక భాగం భద్రాచలానికి ఎగువనే ఉంది. మహారాష్ట్రలోనో ఛత్తీస్‌గఢ్‌లోనో కురిసిన వాన ఇక్కడికి చేరడానికి రోజులు పడుతుంది కాబట్టి, పేరూరు, ఏటూరునాగారం, దుమ్ముగూడెం దగ్గర మట్టాలను గమనిస్తూ ఉంటే మర్నాడు భద్రాచలంలో ఎంత ఉంటుందో చాలావరకు ముందే చెప్పవచ్చు. ఇలాంటి నది ఒడ్డున ఉన్న ఊరికి గేజి రికార్డే పెద్ద ఆస్తి.

ఖమ్మం పక్కన పారే మున్నేరు తీరు వేరు. తీర్థాల దగ్గర ఆకేరు కలిశాక అది పట్టణానికి చేరుతుంది. అక్కడ మొదటి హెచ్చరిక 16 అడుగులకు, రెండోది 24 అడుగులకు ఇస్తారు. 2024 సెప్టెంబర్ 1న నీరు 36 అడుగులకు వెళ్లింది. మహబూబాబాద్ వైపు కురిసిన కుంభవృష్టి ఖమ్మం కాలనీలను ముంచడానికి కొన్ని గంటలే పట్టింది. ఇలాంటి నదికి ఎగువ గేజి చూసి రేపటి సంగతి చెప్పే వ్యవధి ఉండదు, ఎగువన పడే వానను చూసి ఈ రాత్రి సంగతి చెప్పగలగాలి. మూడో రకం ఊళ్లు కూడా ఉన్నాయి. వాటికి నది పేరుతో చెప్పుకోదగ్గది ఏదీ ఉండదు, ఎగువ చెరువుల అలుగు నీరు మోసుకొచ్చే వాగు మాత్రమే ఉంటుంది, దాని మీద గేజి ఎవరూ పెట్టి ఉండరు. ఒక రకం ఊరికి సరిపోయిన పద్ధతి ఇంకో రకానికి సరిపోదు.

పాత గుర్తులు, లెవెల్ సర్వే

అన్నిటికంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ సమాచారం ఇచ్చేది ఇదే. 1986లోనో 2022లోనో నీరు ఎక్కడి దాకా వచ్చిందో గోడ మీద, గుడి మెట్ల మీద, వంతెన స్తంభం మీద గుర్తులుంటాయి. అవి చెరిగిపోయిన చోట చూసినవాళ్లున్నారు. ఒక్కరి మాట మీద ఆధారపడకుండా అదే వీధిలో కనీసం ముగ్గురిని విడివిడిగా అడిగి, వారు చూపించిన చోట్ల ఎత్తు తీయించాలి. మూడు కొలతలూ అర అడుగు తేడాలోపు ఉంటే ఆ గుర్తును నమ్మవచ్చు. రెండు అడుగుల తేడా వస్తే వేర్వేరు సంవత్సరాల వరదలు కలగలిసిపోయాయని అనుమానించాలి.

అసలు పని ఆ ఎత్తులను గేజి భాషలోకి మార్చడం. గేజి అంకె సముద్ర మట్టం నుంచి కొలిచిన ఎత్తు కాదన్న సంగతి చాలామంది గమనించరు. భద్రాచలం దగ్గర కేంద్ర జల సంఘం హెచ్చరిక మట్టం సముద్ర మట్టానికి 45.72 మీటర్లు, అంటే 150 అడుగులు. స్థానిక గేజి మీద అదే మట్టం 43 అడుగులు. 150 లోంచి 43 తీసేస్తే 107 వస్తుంది, కాబట్టి అక్కడి గేజి సున్నా సముద్ర మట్టానికి 107 అడుగుల ఎత్తున ఉందని అర్థం. 1986 గరిష్ఠ మట్టం 55.66 మీటర్లను అడుగుల్లోకి మార్చి 107 తీసేసినా అందరూ చెప్పుకునే 75.6 అడుగులే వస్తుంది, లెక్క సరిపోయింది.

ఇప్పుడు ఒక ఇంటి గడప లెవెల్ 50.9 మీటర్లని సర్వేయర్ తేల్చాడనుకుందాం. అది 167 అడుగులు, 107 తీసేస్తే గేజి మీద 60. కరకట్ట రక్షణ లేని చోట, గేజికి దగ్గరలో ఆ ఇల్లు ఉంటే, 60 అడుగులకు నీరు గడప తాకుతుంది. 2022 జూలైలో వచ్చిన 71.3 అడుగుల వరదకు గడప మీద 11 అడుగులకు పైగా నిలుస్తుంది. ఎత్తులు కొలిచే ఆటో లెవెల్, దానితో చదివే కొలత కర్ర (స్టాఫ్), సముద్ర మట్టం నుంచి ఎత్తు తెలిసిన నమ్మదగిన ఒక గుర్తు (బెంచ్ మార్క్) ఉంటే ఇద్దరు మనుషులు కొద్ది రోజుల్లో ఒక వార్డు మొత్తానికి ఇలాంటి జాబితా తయారుచేయగలరు. మొబైల్ ఫోను చూపించే ఎత్తును మాత్రం ఇందుకు వాడకూడదు. అందులో పొరపాటు మీటర్లలో ఉంటుంది. పైగా కొన్ని పరికరాలు చూపించే జీపీఎస్ ఎత్తుకూ సముద్ర మట్టపు ఎత్తుకూ మన ప్రాంతంలో పదుల మీటర్ల తేడా ఉంటుంది.

ఈ పద్ధతికి రెండు లోపాలున్నాయి. పారే నదిలో నీటి ఉపరితలం పళ్లెంలో నీళ్లలా సమంగా ఉండదు కాబట్టి, గేజికి చాలా కిలోమీటర్ల ఎగువనో దిగువనో ఉన్న ఊరికి పై తీసివేత నేరుగా పనిచేయదు. అక్కడ ఒక పెద్ద వరద గుర్తును, అదే వరదకు గేజి మీద నమోదైన మట్టాన్ని జతచేసి తేడా తెలుసుకోవాలి. రెండోది, కరకట్ట కట్టాక దాని వెనుక ఉన్న పాత గుర్తులకు అర్థం మారిపోతుంది. భద్రాచలంలో గోదావరి పెరిగినప్పుడు కరకట్టలోని తూములను (స్లూయిస్‌లు) మూసేస్తారు. అదే సమయంలో ఊళ్లో వాన పడితే ఆ నీరు నదిలోకి పోయే దారి లేక రామాలయం పరిసరాల్లోనూ విస్తా కాంప్లెక్స్ దగ్గరా నిలిచిపోతుంది, మోటార్లతో తోడి పోయాల్సి వస్తుంది. కట్ట వెనుక ఉన్నవాళ్ల మొదటి ముంపు చాలాసార్లు ఆకాశం నుంచి పడిన నీరే. దాన్ని నది గేజితో అంచనా వేయలేము.

గేజి రికార్డు ఏం చెబుతుంది, ఏం చెప్పదు

వందేళ్ల వరద అనే మాట చేసినంత చెరుపు ఈ రంగంలో ఇంకే మాటా చేయలేదేమో. ఒకసారి వచ్చింది కాబట్టి ఇంకో వందేళ్లు రాదని వినేవాళ్లు అనుకుంటారు. దాని అసలు అర్థం ఏ సంవత్సరంలోనైనా అలాంటి వరద రావడానికి 1 శాతం అవకాశం ఉందని మాత్రమే. 30 ఏళ్ల గృహరుణం తీసుకుని ఇల్లు కట్టుకున్నవారికి ఆ 30 ఏళ్లలో కనీసం ఒకసారి అది ఎదురయ్యే అవకాశం 26 శాతం. 50 ఏళ్ల వరదకైతే 45 శాతం, 25 ఏళ్ల వరదకైతే 71 శాతం. ఇల్లు కొనేవారికి ఈ రూపంలో చెబితేనే విషయం తలకెక్కుతుంది.

భద్రాచలంలో గోదావరి 70 అడుగులు దాటింది మూడుసార్లు: 1986లో 75.6, 1990లో 70.8, 2022లో 71.3. 1986 నుంచి 2022 వరకు 37 ఏళ్లలో మూడుసార్లు అంటే సగటున పన్నెండేళ్లకు ఒకసారి అనిపిస్తుంది. ఈ లెక్కలో ఒక మోసం దాగి ఉంది. పెద్ద వరద వచ్చిన ఏడాది నుంచే లెక్క మొదలుపెట్టి, ఇంకో పెద్ద వరద ఏడాదితో ముగించాం. 1976 నుంచి లెక్కిస్తే అదే సగటు పదహారేళ్లకు దగ్గరగా వస్తుంది. రికార్డును ఎక్కడ మొదలుపెట్టారో, ఏ సంవత్సరాలు వదిలేశారో అడగకుండా ఎవరి గణాంకాన్నీ అంగీకరించకూడదు. గంబెల్, లాగ్ పియర్సన్ వంటి పద్ధతులు ఈ పనినే ఇంకా శాస్త్రీయంగా చేస్తాయి. కానీ 40 ఏళ్ల రికార్డు చేతిలో పెట్టుకుని 500 ఏళ్ల వరదను చెప్పే నివేదికలో అంకె పక్కన ఇంత నుంచి ఇంత వరకు అనే హద్దులు లేకపోతే దాన్ని పక్కన పెట్టడమే మేలు.

మట్టంతో పాటు ప్రవాహాన్ని కూడా చూడాలి. భద్రాచలం దగ్గర 43 అడుగులకు ప్రవాహం సుమారు 9.3 లక్షల క్యూసెక్కులు, 48 అడుగులకు సుమారు 11.4 లక్షలు. 2022లో 71.3 అడుగుల దగ్గర అది 24 లక్షలు దాటింది. 43 నుంచి 48 వరకు ఒక్కో అడుగుకు దాదాపు 42 వేల క్యూసెక్కులు పడితే, ఆ పైన సగటున అడుగుకు 55 వేలకు పైగా పడుతుంది. నది ఒడ్డు దాటి వెడల్పవుతున్న కొద్దీ ఒక అడుగు పెరగడానికి మరింత నీరు కావాలి. అందువల్ల మట్టాలను నేరుగా గణాంకాల్లో పెట్టకుండా, ప్రవాహాలను విశ్లేషించి చివర్లో మట్టంగా మార్చడం సరైన క్రమం.

ఎగువ బ్యారేజీలు వరదను ఆపేస్తాయని, లేదా అవే వరద తెచ్చాయని ప్రతి ఏటా వినిపించే వాదనను కూడా ఇక్కడే తూచవచ్చు. 1 లక్ష క్యూసెక్కులు ఒక రోజు పారితే 8.64 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). 24 లక్షల క్యూసెక్కులు ఒక్క రోజులో 207 టీఎంసీలు. మేడిగడ్డ బ్యారేజీ పూర్తి నిల్వ సుమారు 16 టీఎంసీలు. అలాంటి వరద ముందు ఆ నిల్వ రెండు గంటల నీరు కూడా కాదు.

దిగువన మాత్రం పరిస్థితి మారబోతోంది. పోలవరం పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. పైన చూసిన భద్రాచలం మొదటి హెచ్చరిక మట్టం కూడా సరిగ్గా అదే. జలాశయంలో ఆ మట్టాన నీరు నిలిపి ఉంచిన కాలంలో భద్రాచలం దగ్గర మట్టానికీ ప్రవాహానికీ ఇన్నాళ్లూ ఉన్న సంబంధం అలాగే ఉంటుందని అనుకోలేము. అక్కడ గణాంక పద్ధతి ఒక్కటే చాలదు. నమూనా కావాల్సిన చోటు అది.

గేజి లేని వాగులు

ఇక్కడ వర్షపాతం నుంచి మొదలుపెట్టక తప్పదు. మద్రాసు ఇంజనీర్ల కాలం నుంచి వాడుకలో ఉన్న రైవ్స్ సూత్రం ఇప్పటికీ మొదటి అంచనాకు పనికొస్తుంది. పరీవాహక విస్తీర్ణాన్ని చదరపు కిలోమీటర్లలో తీసుకొని మూడింట రెండు ఘాతానికి పెంచి, సముద్ర తీరానికి 80 కిలోమీటర్ల లోపైతే 6.8తో, 80 నుంచి 160 కిలోమీటర్ల మధ్యనైతే 8.5తో, కొండల దగ్గరైతే 10.2తో గుణిస్తారు. 100 చదరపు కిలోమీటర్ల వాగుకు ఇది సెకనుకు 146 నుంచి 220 ఘనపు మీటర్లు ఇస్తుంది. ఒకే వాగుకు గుణకం మార్పుతోనే ఫలితం ఒకటిన్నర రెట్లవుతుందంటే ఈ సూత్రానికి ఎంత బరువు ఇవ్వాలో తెలుస్తుంది. నిజాం రాష్ట్రపు చీఫ్ ఇంజనీర్ నవాబ్ అలీ నవాజ్ జంగ్ పేరుతో దక్కన్ ప్రాంతానికి ప్రత్యేకంగా ఇంకో సూత్రం ఉంది. తెలంగాణ వాగులకు రెండూ వేసి పోల్చుకోవడం మంచిది.

వీటికంటే ఒక మెట్టు పైన ఉన్నవి కేంద్ర జల సంఘం ఉపమండలాల వారీగా, అంటే నదీ ప్రాంతాల వారీగా, ప్రచురించిన వరద అంచనా నివేదికలు. దిగువ గోదావరికి 3-ఎఫ్, కృష్ణా, పెన్నా ప్రాంతానికి 3-హెచ్. వాగు పొడవు, వాలు, విస్తీర్ణం తెలిస్తే వాటి నుంచి 25, 50, 100 ఏళ్ల వరదలను లెక్కించవచ్చు. అనుభవమున్న ఇంజనీరుకు ఇది కొద్ది రోజుల పని. కల్వర్టు, చిన్న వంతెన నిర్మాణాలకు ఈ స్థాయి సరిపోతుంది.

ఊరి మురుగు కాల్వలకు ఇంకా సులువైన లెక్క ఉంది. 40 హెక్టార్ల వార్డులో గంటకు 60 మిల్లీమీటర్ల వాన పడితే, అది పొలంగా ఉన్న రోజుల్లో సెకనుకు దాదాపు 2 ఘనపు మీటర్లు బయటికి వచ్చేది. అంతా సిమెంటు అయ్యాక 5 దాటుతుంది. పాత కల్వర్టు వెడల్పు మాత్రం పొలం నాటిదే. పట్టణాల్లో కొత్తగా మునుగుతున్న వీధులకు వాన పెరగడం కంటే ఇదే తరచూ కారణం.

ఈ సూత్రాల్లో ఏ ఒక్కదానిలోనూ లేనిది చెరువు తెగడం. 1908 సెప్టెంబర్‌లో మూసీ హైదరాబాద్‌ను ముంచినప్పుడు ఎగువన రెండు వందలకు పైగా చెరువులు తెగాయి. విశ్వేశ్వరయ్య సూచనలతో ఆ తర్వాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. 2021 నవంబర్ 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. 2024 జూలైలో అశ్వారావుపేట మండలంలో పెద్దవాగు ప్రాజెక్టుకు గండి పడింది. రైవ్స్ సూత్రానికి గానీ 3-ఎఫ్ నివేదికకు గానీ ఇవి తెలియవు. ఎగువన గొలుసుకట్టు చెరువులున్న ఊరు తన వాగు లెక్కకు ముందు ఆ చెరువుల జాబితా రాసుకోవాలి: అలుగు పొడవు ఎంత, కట్ట ఎత్తు ఎంత, తూము పనిచేస్తుందా, అలుగు మీద ఎవరైనా గోడ కట్టారా. అలుగును అర అడుగు ఎత్తు పెంచితే పంటకు నీరు నిలుస్తుందన్న ఆశతో ఇసుక బస్తాలు వేసే అలవాటు చాలా ఊళ్లలో ఉంది. కింద ఊరి వరద అంచనాలో అది ఎప్పుడూ కనిపించదు.

నమూనాలు, ఉపగ్రహాలు

అమెరికా సైన్యపు ఇంజనీర్ల విభాగం తయారుచేసిన నమూనా సాఫ్ట్‌వేర్ హెక్-రాస్ ఉచితంగా దొరుకుతుంది, పని కూడా బాగా చేస్తుంది. చిక్కంతా దానికి ఇచ్చే నేల ఎత్తులతోనే. నేలను 30 మీటర్ల గడులుగా చూపే ఉచిత ఎత్తు పటాలు, మన కార్టోశాట్ ఉపగ్రహానివి అయినా అమెరికా అంతరిక్ష నౌక సర్వే ఎస్‌ఆర్‌టీఎంవి అయినా, చదునైన నేలలో కూడా కొన్ని మీటర్ల పొరపాటుతో ఉంటాయి. ఇళ్లనూ చెట్లనూ నేలగా లెక్కవేస్తాయి. భద్రాచలంలో రెండో హెచ్చరికకూ మూడో హెచ్చరికకూ మధ్య తేడా 5 అడుగులు, అంటే మీటరున్నర. నేల ఎత్తులో పొరపాటు అంతకంటే ఎక్కువైనప్పుడు ఆ మ్యాపు మీద వీధి పేర్లు రాయడం ధైర్యమే అనాలి. డ్రోన్‌తోనో, లేజర్ కిరణాలతో ఎత్తు కొలిచే లైడార్‌తోనో సర్వే చేయించి, నది అడుగుభాగం ఎత్తు కొలిపించి, 2022 లేదా 2024 గుర్తులతో సరిచూసిన నమూనా అయితే సంగతి వేరు.

నమూనాకు ఖర్చు పెట్టాల్సిన సందర్భాలు స్పష్టంగానే ఉంటాయి. ఖమ్మంలో మున్నేరుకు ఇరువైపులా చేపట్టిన కాంక్రీటు గోడల వంటి పని వల్ల నీరు ఇంకెక్కడ పెరుగుతుందో పాత రికార్డు చెప్పలేదు, ఎందుకంటే అలాంటి నది ఇంతకు ముందు లేదు. కూనవరం, చింతూరు లాంటి చోట్ల గోదావరి ఎగదన్ని శబరి నీటిని నిలబెడుతుంది. రెండు నదుల మట్టాలు కలిసి తేల్చే ముంపును కూడా నమూనాతోనే చూడాలి.

ఉపగ్రహాల్లో రాడార్ చిత్రాలు మబ్బుల్లోంచి కూడా చూడగలవు. హైదరాబాద్‌లోని జాతీయ దూర సంవేదన కేంద్రం వరదల సమయంలో ముంపు మ్యాపులు విడుదల చేస్తుంది. పొలాలు, లంకలు, రోడ్లు తెగిన చోట్లు చూడడానికి ఇవి ఉపయోగం. ఇళ్ల మధ్య సందుల్లో నిలిచిన నీటిని రాడార్ సరిగా పట్టుకోలేదు, ఉపగ్రహం వచ్చే వేళకు వరద తీసేసి ఉండవచ్చు. ఎంత లోతున మునిగిందో అది చెప్పదు. నమూనాను సరిచూడడానికి తోడుగా తప్ప, దాన్నే ఆధారం చేసుకోవద్దు.

ఎవరికి ఏది

పెద్ద నది ఒడ్డున, పాత గేజి ఉన్న పట్టణమైతే లెవెల్ సర్వేకూ గేజి జాబితాకూ మొదటి డబ్బు పెట్టాలి. గణాంక విశ్లేషణ దాని వెంట చేయించుకోవచ్చు. కరకట్ట ఉంటే, నది మట్టం కంటే స్లూయిస్ మూసిన రోజున ఊళ్లో పడే వానకు ఎన్ని మోటార్లు కావాలన్న లెక్క ముందు రావాలి. మున్నేరు లాంటి నదికైతే ఎగువ వంతెనల మీద రంగు వేసిన గేజీలు, వాటిని రాత్రి చదివి ఫోను చేసే మనిషి, పరీవాహకంలో రెండు మూడు వర్షమాపకాలు ఏ నివేదిక కంటే ముందు అవసరం. గేజి లేని వాగు పక్కన ఉన్న ఊరు ఉపమండల నివేదికతో ఒక లెక్క, చెరువుల జాబితా, గ్రామ నక్షాలో వాగు అసలు వెడల్పు తీసుకుని మొదలుపెడితే చాలు. అక్కడ నమూనా మీద ఖర్చు అరుదుగా సమర్థనీయం.

నమూనా చేయించక తప్పని పరిస్థితి వస్తే, కన్సల్టెంటును మూడు విషయాలు అడగాలి. ఎత్తులు ఏ సున్నా నుంచి లెక్కించారు, ఏ వరద గుర్తులతో సరిచూశారు, ఆ గుర్తుల దగ్గర నమూనా ఎంత తప్పింది. మూడో ప్రశ్నకు అంకె రాకపోతే బిల్లు ఆపడం తప్పు కాదు.

మళ్లీ వరద వచ్చి తీసినప్పుడు, గోడల మీద బురద గీత మీద వాన పడకముందే, ఎవరూ సున్నం వేయకముందే ఆ ఎత్తు తీయించాలి. గీత పక్కన చిన్న మేకు కొట్టి, తేదీ, గేజి అంకె రాసి పెట్టడానికి ఒక్కో ఇంటికి పది నిమిషాలు పడుతుంది.